దొడ్డిలో ఊదా దీపం

గుంజకు మేకు కొట్టింది హేమచందే. మూడు దెబ్బల్లో రెండు వేలి మీద పడ్డాయి. భవిత నవ్వు ఆపుకుని తీగచుట్ట పట్టుకు నిలబడింది. గౌడవెల్లిలో వానలు ఆ వారమే తెరిపిచ్చాయి. దొడ్డిలో గొర్రెల పెంట ఇంకా ఆరలేదు. కాలు వేస్తే మడమ దాకా దిగుతోంది.

హేమచంద్ పశువైద్యం చదివి పరిశోధన చేస్తున్నాడు. బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు. స్కూటీ మీద వచ్చాడు. తెచ్చిన యంత్రం చిన్నదే. పైన ఊదారంగు దీపం, దాని కింద గాలి లాగే ఫ్యాను, ఫ్యానుకు గుడ్డ గొట్టం, గొట్టం చివర సబ్బునీళ్ల సీసా. మేకుకు తగిలించి, ఇంట్లో ప్లగ్గు దాకా తీగ లాగి స్విచ్ వేశాడు. పగటి వెలుగులో అది వెలిగినట్టే లేదు. సన్నగా గుర్రుమన్న చప్పుడొకటి వినిపించింది.

ఆ సమయానికి ఇంట్లో భవిత ఒక్కతే ఉంది. తండ్రి కుర్మయ్య మందను బోరు దగ్గరికి నీళ్లకు తోలుకుపోయాడు. తల్లి వజ్రమ్మ కలుపుతీతకు వెళ్లింది. అందుకని చెప్పాల్సిందంతా హేమచంద్ ఆమెకే చెప్పాడు. పొద్దున్నే సీసా విప్పి, పడిన పురుగుల్ని గుడ్డలో వడకట్టి, స్పిరిటున్న చిన్న బుడ్డిలో వేయాలి. ఒక చీటీ మీద తేదీ, వాన పడిందా లేదా, దొడ్డిలో ఎన్ని గొర్రెలున్నాయి, పొగ పెట్టారా లేదా రాసి చుట్టి ఆ బుడ్డిలోనే వేయాలి. పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.

"ఇంకొకటి," అన్నాడతను. "ఇది మీ గొర్రెల్ని కాపాడేది కాదు. సన్నదోమలు ఊళ్లో ఎన్ని, మా కాలనీలో ఎన్ని, ఏ నెలలో ఎక్కువ అని లెక్క చూడటానికే. వెలుగుకు చుట్టుపక్కలవన్నీ ఇటే వస్తాయి. దీని కిందకి మాత్రం గొర్రెల్ని తేవద్దని మీ నాన్నగారికి చెప్పు. మర్చిపోకు."

భవిత తల ఊపింది. బడిలోనూ ఆమె అన్నిటికీ తలే ఊపేది. పదో తరగతికి వచ్చినా హాజరు పిలిచినప్పుడు ఆమె గొంతు ముందు బెంచీ దాటదని పద్మలత టీచరు నవ్వేది.

మరునాడు సీసా విప్పేసరికి సబ్బునీళ్లు కనబడలేదు. పైన నల్లగా, గసగసాలు నానబోసినట్టు మందంగా తేలుతున్నాయి. కంటికి ఆనని పురుగులు. ఒక్కోటి నువ్వుగింజలో సగం ఉండదు. గుడ్డలో పోసి పిండుతుంటే కుర్మయ్య పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చాడు. వంగి చూశాడు. పుల్ల తీసేశాడు.

"గిదంత ఒక్క రాత్రిల పడ్డదా?"

"ఊఁ."

ఆయన గుడ్డను అరచేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు ఎత్తాడు. తర్వాత వజ్రమ్మను కేకేశాడు. "సూడే. గివన్ని మన గొర్ల నెత్తురు తాగెటియి. రాత్రి ఒక్కదాన్ని కుట్టలే. ఎన్నేండ్లసంది పొగతోని కండ్లు పోగొట్టుకున్నం మనం."

వజ్రమ్మ చూసి, ముఖం చిట్లించి, మంచిదే అంది. భవిత నోరు తెరిచింది. "బాపు, సారు ఏమన్నడంటె..."

"సారు దేవుడు బిడ్డా," అన్నాడు కుర్మయ్య. అప్పటికే ఆయన వాకిలి దాటి, కంపెనీకి బయలుదేరుతున్న బాలేష్ బండి ఆపుతున్నాడు. గుడ్డ ఆయన చేతిలోనే ఉంది.

బాలేష్ మేడ్చల్‌లో ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీలో పనిచేస్తాడు. ఇంటి దగ్గర ఎనిమిది గొర్రెలున్నాయి, తల్లి చూసుకుంటుంది. అతను దీపాన్ని పరీక్షగా చూసి, తమ క్యాంటీన్లో ఇలాంటిదే ఉందని, ఈగలు దానికి తగిలి పట్ పట్‌మని చస్తాయని చెప్పాడు. ఆ మాటతో ఇక అనుమానం ఎవరికీ మిగల్లేదు.

వానాకాలం మొదలు దీపావళి దాటేదాకా ప్రతి సాయంత్రం దొడ్డిలో పొగ పెట్టడం భవిత పని. పిడకల మీద పచ్చి వేపాకు వేసి, గాలి ఎటుంటే అటు చట్టిని జరుపుతూ, మంద అంతా పొగలో మునిగేదాకా నిలబడాలి. ఆ సాయంత్రం ఆమె చట్టి ఎత్తగానే కుర్మయ్య వద్దన్నాడు. పొగకు సన్నదోమలు బెదిరిపోతే యంత్రంలోకి ఎట్లా వస్తాయన్నాడు. సూడి గొర్రెలు నాలుగింటిని మెడ పట్టుకుని నడిపించి సరిగ్గా దీపం కింద పడుకోబెట్టాడు. ఊదా వెలుగులో వాటి తెల్ల మచ్చలు నీలంగా మెరిశాయి. ఆయన కాసేపు వాటి ముందే గొంతుక్కూర్చుని చూస్తూ ఉన్నాడు. తండ్రి ముఖం అంత నిమ్మళంగా ఉండటం భవిత ఎప్పుడు చూసిందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు.

రేపు చెబుదాం అనుకుంది.

చీటీ మీద రాసింది: గొర్రెలు 31. పొగ లేదు.

మూడో రోజున సాలమ్మ వచ్చింది. దారికి అవతలి ఇల్లు ఆమెది. భర్త పోయి ఏడేళ్లు. ఏడు గొర్రెలున్నాయి, ఒక్కోదానికీ పేరుంది. చీర చెంగులో రెండు సీతాఫలాలు మూటకట్టి తెచ్చి భవిత చేతిలో పెట్టి, కుర్మయ్యతో మాట్లాడింది.

"నావి ఏడే గద కుర్మయ్యా. ఒక్క మూలకు పండుకుంటయి. గా ఎలుగు పడితె సాలు."

"నీవి నావి ఏంది వదినే, తోలుకరా."

మర్నాడు బాలేష్ తల్లి తమ ఎనిమిదింటినీ తోలుకొచ్చింది. దొడ్డిలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. వెలుగు పడే చోటు కోసం గొర్రెలు ఒకదాని వీపు మీద ఒకటి మెడ వేసుకుని పడుకున్నాయి. సాయంత్రం దీపం వెలిగించే వేళకు సన్నదోమలు మేఘంలా దిగేవి. వరి మళ్ల నుంచి, కాలనీల మురుగు కాలువ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. సీసాలో పడేవి పడేవి. మిగిలినవి గొర్రెల చెవుల్లో, పొదుగుల దగ్గర, మూతుల మీద బూడిద చల్లినట్టు వాలేవి. భవిత చేతుల మీద మోచేతుల దాకా ఎర్రని దద్దుర్లు. గొర్రెలు తలలు విదుల్చుకోవడం ఆమెకు వినబడుతూనే ఉండేది. మిగతావాళ్లకు ఫ్యాను చప్పుడు వినబడేది.

చెప్పాల్సింది రోజురోజుకీ పెద్దదవుతోంది. మొదటి రోజు అది ఒక్క మాట. ఇప్పుడు చెబితే ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. సాలమ్మ అడుగుతుంది. సీతాఫలాలు తిన్నావు గదా అనదు, కానీ అన్నట్టే ఉంటుంది.

ఐదో రోజు ఆమెకు ఒక దారి తోచింది. చీటీ మీద మామూలు వివరాలు రాశాక, పెన్సిల్ మొన మళ్లీ చెక్కి, చిన్న అక్షరాలతో ఇంకో వరుస రాసింది. 'సార్, అందరి గొర్రెలూ దీపం కిందనే పడుకుంటున్నాయి. దీపం కాపాడుతుందని అనుకుంటున్నారు. మీరు వచ్చి మా బాపుకు చెప్పండి.' చుట్టి బుడ్డిలో వేసింది. స్పిరిట్‌లో చీటీ మెల్లగా విచ్చుకుని గాజుకు అంటుకుంది. రాత బయటికి కాక లోపలికి తిరిగి ఉంది. ఫరవాలేదు, తీసి చదువుతాడు గదా అనుకుంది. ఆ రోజు అన్నం సహించింది.

ఎనిమిదో రోజు హేమచంద్ వచ్చాడు. ఏడు బుడ్లూ వరుసగా అరుగు మీద పెట్టించి, ఒక్కోటి ఎండకు ఎత్తి చూశాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి. ఒక్క రాత్రికి ఇంత పడటం తమ గైడ్ కూడా చూసి ఉండరన్నాడు.

"మా డాబా మీద పెట్టినదాంట్లో పన్నెండు, పదిహేను, అంతే. కాలనీలో వారానికి రెండుసార్లు బండితో పొగ కొట్టిస్తారు. పిల్లలకు దద్దుర్లు వస్తున్నాయని అసోసియేషన్లో పెద్ద గొడవ." బుడ్డి మూతల మీద తేదీలు అంటించి పెట్టెలో సర్దాడు. చీటీలు బుడ్లలోనే ఉన్నాయి. మంద మేతకు వెళ్లింది కాబట్టి దొడ్డి ఖాళీగా, ఎప్పట్లాగే ఉంది. "ఏమైనా చెప్పాలా భవితా?"

ఆమె పెట్టెలోని ఐదో బుడ్డి వైపు చూసింది. ఇంటికి వెళ్లి చదువుతాడు. ఇప్పుడు నోటితో చెబితే లోపలి నుంచి వజ్రమ్మ వింటుంది. తల అడ్డంగా ఊపింది.

మర్నాడు బడి నుంచి వస్తూ దారి మలుపులో స్కూటీ కోసం చూసింది. ఆ మర్నాడూ చూసింది.

పదకొండో రోజు పొద్దున సూడి గొర్రెల్లో పెద్దది లేవలేదు. కుర్మయ్య తోక పట్టి లేపితే ముందుకాళ్లు మడిచి మోకాళ్ల మీద నిలబడింది. గిట్టల పైన వెంట్రుకలు మొదలయ్యే చోట ఎర్రగా కమిలి ఉంది. ముక్కు కారి గడ్డకట్టింది. మూతి ఉబ్బి, కింది పెదవి వేలాడి, జొల్లు తాడులా సాగుతోంది. మధ్యాహ్నానికి మరో మూడు. సాయంత్రానికి సాలమ్మ గొర్రెల్లో రెండు.

మేడ్చల్ నుంచి వచ్చిన పశువుల కాంపౌండర్ ఒకదాని నోరు తెరిచి నాలుక బయటికి లాగి చూపించాడు. అది లేత గులాబీ రంగులో ఉండాల్సింది, నేరేడుపండు తిన్నట్టు నీలంగా, మందంగా ఉంది. మూతివాపు రోగం అన్నాడు. సన్నదోమ కుట్టి అంటిస్తుంది, టీకా వానలకు ముందే వేయించాలి, ఇప్పుడు వేసి లాభం లేదు, పుండ్లు పటిక నీళ్లతో కడిగి, మేత నమలలేవు గనక గంజి తాగించమన్నాడు.

"సన్నదోమ అయితె ఫికర్ లేదు సార్," అన్నాడు కుర్మయ్య. "మా కాడ మిషనున్నది."

కాంపౌండర్ గుంజ వైపు చూశాడు. అదేమిటో అతనికి తెలియదు. ఏదో ఆఫీసువాళ్లు పెట్టి ఉంటారనుకున్నట్టు తల ఊపి, ఇంకో ఊరికి పోవాలంటూ బండెక్కాడు.

ఆ సాయంత్రం కుర్మయ్య దొడ్డి చివర పడుకునే పొట్టేళ్లను కూడా వెలుగులోకి తోశాడు.

తర్వాతి రోజులన్నీ భవితకు ఒకే రోజులా గడిచాయి. వజ్రమ్మ కూలి మానేసింది, భవిత బడి మానేసింది. వజ్రమ్మ గొర్రె దవడ ఎత్తి పట్టుకుంటే, భవిత వెదురు గొట్టంతో జొన్నగంజి కొంచెం కొంచెంగా పోసేది. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక గుక్క దిగిందని గొంతు మీద వేలు పెట్టి చూసుకుని, అప్పుడు రెండో గుక్క. ఒక్కోదానికి పావుగంట. నాలుకకు పటిక నీళ్లు అద్దితే గొర్రె అరవదు, కళ్లు మాత్రం మూసుకుంటుంది. సగం గంజి ఆమె లంగా మీదే కారేది. ఆ గంజి మీద సన్నదోమలు వాలేవి.

పెద్ద సూడి గొర్రె మొదట పోయింది. దాని కడుపులోవి రెండు. తర్వాత రోజుకు ఒకటి, కొన్ని రోజులు రెండు. కుర్మయ్య వంచిన తల ఎత్తకుండా గోతులు తవ్వాడు. సాలమ్మ మాత్రం ప్రతిదాన్నీ పేరు పెట్టి ఏడ్చింది. తనవి ఐదు పోయాయి. ఏడ్చి, ముక్కు చీది, కుర్మయ్య దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నీ దీపం కింద చోటిచ్చావు గనక రెండన్నా మిగిలాయి అంది. భవిత అక్కడ నిలబడలేక ఇంటి వెనక్కు వెళ్లి, గంజి గిన్నెను మట్టితో తోముతూ కూర్చుంది. అది అప్పటికే తోమిన గిన్నె.

మూడు వారాలు నిండాక హేమచంద్ యంత్రం తీసుకుపోవడానికి వచ్చాడు. ఈసారి మంద మేతకు పోలేదు. దొడ్డిలో మిగిలిన గొర్రెలు దీపం కింద ఒత్తుకుని ఉన్నాయి. అతను గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఇవన్నీ రోజూ ఇక్కడే పడుకునేవా?"

 ఆ ప్రశ్న భవితకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. సాలమ్మ, బాలేష్, అతని తల్లి అప్పటికే వచ్చి ఉన్నారు. దీపం తీసుకుపోతారని వాళ్లకు తెలిసింది. సాలమ్మ అతని ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది.

"సారు, గిది పోతె ఉన్న రెండు గూడ పోతయి. దీపావళి దాంక ఉండనియ్యి. కరెంటు నేను కడ్త."

హేమచంద్ భవిత వైపు చూశాడు. "నువ్వు చెప్పలేదా?"

"చీటీల రాసిన," అంది భవిత.

"ఏ చీటీలో?"

"ఐదో దినం దాంట్ల."

 అతను చీటీలు ఇంకా తీయలేదని, ల్యాబులో అన్నీ ఒకేసారి తీస్తారని, తనూ తేదీలే చూశానని మెల్లగా, నేల వైపు చూస్తూ చెప్పాడు.

భవిత ఒక అడుగు ముందుకు వేసింది. గుంజ పట్టుకుంది. "అవ్వా, గది దోమల్ని పట్టెటందుకు కాదు," అంది సాలమ్మతో. "లెక్క సూసెటందుకు. ఎలుగుకు ఇంక ఎక్కువొస్తయి. గొర్లను కిందికి తేవద్దని సారు మొదటి దినమే చెప్పిండు. నాకు చెప్పిండు. నేనే చెప్పలే."

ఆమె జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.  ఫ్యాను తిరుగుతోంది. సాలమ్మ ఆమెను చూసింది, హేమచంద్‌ను చూసింది. ఆమె ముఖంలో కోపం రాలేదు. అంతా అర్థమైనదానిలా నిట్టూర్చింది.

"పోరికి మంచిగ నేర్పినవ్ సారు. తీస్కపోవాల్నంటె తీస్కపోతనని చెప్పరాదు. గా పోరినెందుకు నడుమ పెడ్తవ్?"

హేమచంద్ అమ్మాయి చెప్పింది నిజమేనన్నాడు. నీకు నిజమే అయితది, నీ సామాను గద అన్నాడు బాలేష్. క్యాంటీన్లో తాను కళ్లారా చూశానని కూడా అన్నాడు.

"నువ్వు చెప్పు కుర్మయ్యా," అంది సాలమ్మ. "తోలుకరా అన్నోనివి నువ్వు. దీపం మంచిదా, కాదా?"

అందరూ కుర్మయ్య వైపు తిరిగారు. ఆయన భవితను చూస్తున్నాడు. ఆమె కళ్లు దించలేదు. చిన్నప్పటి నుంచి తను అబద్ధమాడితే బాపుకు ముందే తెలిసిపోయేది. ఇప్పుడు నిజం కూడా తెలిసిందని ఆమెకు అర్థమైంది. ఆయన పెదవులు ఒకసారి తడుపుకున్నాడు. సాలమ్మ చేతుల మీద గోతిమట్టి ఇంకా ఉంది. ఆయన చూపు దాని మీద పడింది.

"మంచిదే వదినే," అన్నాడు.

హేమచంద్ దీపం విప్పి పెట్టెలో పెట్టుకున్నాడు. స్కూటీ ఎక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు డ్యూటీ దిగి వస్తూ బాలేష్ మేడ్చల్ బజారులో రెండు ఊదారంగు దీపాలు కొనుక్కొచ్చాడు. ఫ్యాను లేదు, సీసా లేదు, ఉత్త దీపాలు. ఒకటి తన దొడ్డికి, ఒకటి సాలమ్మ దొడ్డికి బిగించాడు. పొద్దు గూకే వేళకు రెండూ వెలిగాయి. దారికి అవతల సాలమ్మ, మిగిలిన రెండు గొర్రెల్నీ వెలుగు కిందకి లాక్కొచ్చి, తను కూడా వాటి మధ్య కూర్చుని వీపులు నిమురుతోంది.

కుర్మయ్య తన దొడ్డిలో దారి వైపు ఉన్న గొర్రెల్ని ఒక్కొక్కటే లేపి వెనక గోడ వారకు, చీకట్లోకి నడిపిస్తున్నాడు. చప్పుడు కాకుండా, అదిలించకుండా, చెవులు పట్టి నడిపిస్తున్నాడు. భవిత నిలబడి చూసింది. అడిగింది.

"బాపు, అవ్వకు చెప్పవా?"

"ఏమని చెప్పాలె?" ఆయన తల ఎత్తలేదు. "ఐదింటిని నేనే సంపిననా? నువ్వు సంపినవనా? ఊకో ఇగ."

మందలో చివరి గొర్రె లేవడానికి మొండికేసింది. ఆయన దాన్ని ఎత్తి భుజాన వేసుకున్నాడు. అప్పుడు దారి అవతలి నుంచి సాలమ్మ పిలిచింది.

"కుర్మయ్యా, నీకు బల్బు దొరకలేదాయె? గా చీకట్ల ఎందుకు పెట్టినవ్? నా కాడికి తోలుకరా. మస్తు జాగ ఉన్నది."

కుర్మయ్య గొర్రెను మోస్తూ గోడ వైపే నడిచాడు.

భవిత దారి అంచుకు వచ్చింది. ఊదా వెలుతురు చుట్టూ సన్నదోమలు పొగలా తిరుగుతున్నాయి. గొంతు దారి దాటేలా, బలమంతా పెట్టి అరిచింది.

"వద్దవ్వా. నువ్వే నీవాటిని ఈడికి తోలుకరా. చీకట్లనే పండుకోనియ్యి."

సాలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూసింది. వెలుగులో కూర్చున్న ఆమెకు చీకట్లో నిలబడ్డ భవిత కనబడలేదు.

"చీకట్ల ఏమున్నది బిడ్డా," అంది నవ్వుతూ. గొర్రె తలను ఒళ్లోకి తీసుకుని, ఇంకొంచెం దీపం కిందకి జరిగింది.